విమానం కూలినప్పుడు కారణం గురించి ఎలా ఆలోచించాలి: తొలి గంట నుంచి తుది నివేదిక దాకా

విమానం కూలిందన్న వార్త వచ్చిన పది నిమిషాలకే కారణం కూడా వచ్చేస్తుంది. పక్షి తగిలిందని ఒకరు, ఇంధనంలో కల్తీ అని ఇంకొకరు, పైలట్ తప్పని ఒకరు, ఎవరో చేయించారని మరొకరు. బెంగళూరులో ఉండే తెలుగువాళ్లకు ఈ మాటల తాకిడి ఇంకాస్త ఎక్కువ. విమానాలు తయారుచేసే హెచ్ఏఎల్, విమాన పరిశోధన చేసే ఎన్ఏఎల్, దేవనహళ్లి దగ్గరి బోయింగ్ కేంద్రం, ఎయిర్‌బస్ ఆఫీసులు అన్నీ ఇక్కడే ఉన్నాయి. వాటిలో పనిచేసే మనవాళ్లూ తక్కువేం కాదు. అందుకే ఊరి నుంచి ఫోన్ వస్తుంది: "నువ్వు బెంగళూరులో ఉంటావు కదరా, మీవాళ్లు ఏమంటున్నారు? అసలేం జరిగిందట?" మనం ఏం చెబితే అది ఆ సాయంత్రానికి మూడు వాట్సాప్ గ్రూపులు దాటిపోతుంది.

ఊహించడం మానేయమని నేను చెప్పను. అంతమంది పోయాక ఎందుకు పోయారని అడగకుండా ఉండలేం, ఉండకూడదు కూడా. దర్యాప్తు అధికారులు కూడా ఊహలతోనే మొదలుపెడతారు. వాళ్లు ఒక్కో ఊహనూ పరీక్షకు పెడతారు, నిలబడనిదాన్ని పక్కన పడేస్తారు. ఆ పని మామూలు పాఠకులుగా మనం ఎంతవరకు చేయగలమో, ఎక్కడ ఆగాలో అడుగడుగునా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మొదటి అడుగు: తొలి గంటలో నాలుగు విషయాలు రాసుకోండి

ఏ రకం విమానం, ఎక్కడి నుంచి ఎక్కడికి, ప్రయాణంలో ఏ దశలో, వాతావరణం ఎలా ఉంది. ఈ నాలుగూ సాధారణంగా తొలి గంటలోనే నిక్కచ్చిగా తెలుస్తాయి. వీటిలో మూడోది అన్నిటికన్నా ముఖ్యం. నేల వదిలిన అర నిమిషానికి కూలిన విమానానికీ, నడిసముద్రం మీద 35,000 అడుగుల ఎత్తులో మాయమైన విమానానికీ అడగాల్సిన ప్రశ్నలే వేరు. దశ తెలియకుండా కారణం చెప్పేవారి మాట వినాల్సిన పని లేదు.

మృతుల సంఖ్యను మాత్రం తొలిరోజు పట్టుకుని వేలాడకండి. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో లండన్ వెళ్లాల్సిన ఎయిరిండియా 171 (బోయింగ్ 787 రకం) కూలినప్పుడు లోపల 242 మంది ఉన్నారన్న సంగతి వెంటనే తెలిసింది. వారిలో ఒక్కరే బతికారు. కాని విమానం పడింది వైద్య విద్యార్థుల హాస్టల్ భవనాల మీద. నేల మీద ఎందరు పోయారో తేలడానికి రోజులు పట్టింది. చివరికి మొత్తం 260 అని తేలింది.

ఈ గంటలో మీరు ఎవరికైనా ఏదైనా పంపాలనుకుంటే విమాన సంస్థ గాని ప్రభుత్వం గాని ఇచ్చిన హెల్ప్‌లైన్ నంబరు పంపండి. అది కూడా వాళ్ల అధికారిక ఖాతాలో చూసి, సరిచూసుకున్నాకే.

రెండో అడుగు: కాగితం మీద మూడు గడులు గీయండి

చూసింది, అనుకున్నది, తీర్పు. మీ దాకా వచ్చిన ప్రతి మాటనూ ఈ మూడింట్లో ఎక్కడ పడుతుందో చూసి అక్కడ రాయండి. చేసి చూస్తే గాని దీని విలువ తెలియదు. మన చేతికొచ్చే సందేశాల్లో సగానికి పైగా రెండో గడిలోవే, కాని మూడో గడి వేషంలో వస్తాయి.

అహ్మదాబాద్ సంగతే చూడండి. ఎవరో ఫోన్‌తో తీసిన వీడియో ఒకటి గంటల్లో ప్రపంచమంతా తిరిగింది. విమానం లేచి, ఇక పైకి పోలేక, ముక్కు కాస్త ఎత్తుకునే కిందికి దిగిపోతుంది. చూసింది అంతే. ఆ ఒక్క వీడియో నుంచి రెండు ఊహలు పుట్టాయి. ఒకటి: రెక్కల వెనక ఫ్లాప్‌లు (విమానం పైకి లేవడానికి తోడ్పడే పలకలు) తెరుచుకోలేదు, పైలట్లు మరిచిపోయారు. రెండోది: వీడియోలో సన్నగా ఒక గిరగిర శబ్దం వినిపిస్తోంది, అది ర్యాట్ అనే చిన్న అత్యవసర టర్బైన్‌ది, అంటే రెండు ఇంజిన్లూ గాని మొత్తం విద్యుత్తు గాని పోయి ఉండాలి.

నెల తర్వాత ప్రాథమిక నివేదిక వచ్చింది. ఫ్లాప్ లీవరు టేకాఫ్‌కు ఉండాల్సిన 5 డిగ్రీల స్థానంలోనే దొరికిందని అందులో ఉంది. అంటే మొదటి ఊహ నిలబడలేదు. ర్యాట్ బయటికి వచ్చిన దృశ్యం విమానాశ్రయ సీసీటీవీ చిత్రంతో సహా అచ్చయింది. అంటే రెండోది నిజమైంది.

రెండూ ఇంట్లో కూర్చున్నవాళ్లు చేసిన ఊహలే కదా, తేడా ఎక్కడుంది? మొదటిది కనబడనిదాన్ని లేనిదిగా లెక్కగట్టింది. ఆ దూరం నుంచి, ఆ మసక వీడియోలో 5 డిగ్రీల ఫ్లాప్ కంటికి ఆనదు. రెండోది ఉన్న ఒక ఆధారాన్ని, అంటే శబ్దాన్ని, తెలిసిన ర్యాట్ శబ్దాలతో పోల్చి చూసింది. పైగా మొదటిది వీడియో నుంచి నేరుగా మనుషుల తప్పు దాకా దూకింది. రెండోది యంత్రం స్థితి దగ్గరే ఆగింది.

మూడో అడుగు: డేటా చూపించినా తొందరపడకండి

విమానం ఎక్కడుందో చూపించే ఫ్లైట్‌రాడార్24 వంటివి ఇప్పుడు అందరి ఫోన్లలో ఉన్నాయి. వాటికి సమాచారం వచ్చేది ఏడీఎస్-బీ సంకేతాల నుంచి: విమానం తన స్థానం, ఎత్తు, వేగం తానే ప్రసారం చేస్తుంది, నేల మీద అభిమానులు పెట్టుకున్న రిసీవర్లు వాటిని అందుకుంటాయి. ఇందులో రెండు చోట్ల జనం పొరబడతారు.

మొదటిది ఎత్తు. అక్కడ కనిపించే అంకె సాధారణంగా ప్రామాణిక వాయుపీడనాన్ని బట్టి లెక్కేసినది. అది నేల నుంచి ఎత్తు కాదు. కెంపేగౌడ విమానాశ్రయం సముద్ర మట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉంది. అంటే అక్కడ రన్‌వే మీద చక్రాలు ఆనించి ఉన్న విమానం కూడా పీడనం లెక్కలో ఇంచుమించు 3,000 అడుగులు చూపిస్తుంది. అహ్మదాబాద్ విమానం చివరి సంకేతంలో ఎత్తు 625 అడుగులు అనుంది. ఆ విమానాశ్రయం దాదాపు 200 అడుగుల ఎత్తున ఉంది కనుక, నేల నుంచి చూస్తే విమానం ఆ అంకె చెప్పినంత పైన లేదు. చాలామంది 625 అడుగుల నుంచి పడిందని లెక్కలు కట్టేశారు.

రెండోది ఖాళీ. సంకేతం అందని చోట ఏమీ జరగలేదని అనుకోకూడదు. అదే ప్రమాదంలో, విమానం రన్‌వే మధ్య నుంచే పరుగు మొదలుపెట్టిందని, అందుకే వేగం చాలలేదని తొలిరోజు గట్టిగా ప్రచారమైంది. మ్యాపులో గీత అక్కడి నుంచే మొదలైంది మరి. అసలు సంగతి ఏమిటంటే నేల మీద ఆ భాగంలో రిసీవర్లకు సంకేతం సరిగా అందలేదు. మిగిలిన డేటా కూడా చూశాక, విమానం రన్‌వే చివరి దాకా వెళ్లి తిరిగి పూర్తి పొడవునా పరుగెత్తిందని ఫ్లైట్‌రాడార్24 సంస్థే చెప్పింది.

వాతావరణానికి మెటార్ అనే గంటవారీ, అరగంటవారీ నివేదికలు ఉంటాయి. గాలి దిశ, వేగం, ఎంత దూరం కనిపిస్తోంది, మేఘాలు, ఉష్ణోగ్రత, పీడనం వరుసగా ఉంటాయి. అందులో సమయం యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంటుంది, మన సమయం తెలియాలంటే దానికి ఐదున్నర గంటలు కలపాలి. ఈ చిన్న కూడిక మరిచిపోయి, ప్రమాదం జరిగిన ఐదు గంటల తర్వాతి వానను ప్రమాదానికి కారణంగా చూపించేవాళ్లున్నారు.

నాలుగో అడుగు: వీడియో ఎక్కడిదో చూడండి

ఇది చిన్న పనే. వీడియోలో ఒక ఫ్రేమ్‌ను స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతకండి. పాత ప్రమాదాల దృశ్యాలు, కంప్యూటర్ సిమ్యులేటర్ ఆటల దృశ్యాలు ప్రతిసారీ కొత్తగా తిరుగుతాయి. ఇప్పుడు వీటికి ఏఐతో చేసినవి కూడా తోడయ్యాయి. విమానం తోక మీది రంగు, భవనాల ఆకారం, నీడ పడిన వైపు సరిపోతున్నాయా అని చూస్తే చాలావరకు తేలిపోతుంది.

వీడియో అసలైనదే అయినా కారణం అందులో ఉండకపోవచ్చు. 2023 జనవరి 15న నేపాల్‌లోని పోఖరాలో యెతి ఎయిర్‌లైన్స్ ఏటీఆర్ 72 కూలి 72 మంది చనిపోయారు. లోపల ఒక ప్రయాణికుడు ప్రత్యక్ష ప్రసారం చేస్తుండగానే అది జరిగింది. చూడలేని దృశ్యం అది. ఇంత దగ్గరగా చూసినా ఎందుకు పడిందో ఎవరికీ అర్థం కాలేదు. రికార్డర్లు (బ్లాక్ బాక్సులు) విప్పాక తెలిసింది: ఫ్లాప్ లీవరు కదపాల్సిన చోట, రెండు ప్రొపెల్లర్లను ఫెదర్ స్థితిలోకి, అంటే బ్లేడ్లు గాలిని లాగని కోణంలోకి తీసుకుపోయే లీవర్లను కదిపారు. ముందుకు లాగే శక్తి పోయింది. ఏ కెమెరాకూ అది అందలేదు.

ఐదో అడుగు: చెప్పేవాళ్లను నాలుగు ప్రశ్నలు అడగండి

మీరు ఏ విమానం నడిపారు లేదా ఏ భాగం మీద పనిచేశారు? మీరు చెబుతున్నది చూసిందా, విన్నదా? ఏ ఆధారం దొరికితే మీ మాట తప్పని ఒప్పుకుంటారు? ఇది మీరు ఏ రోజు చెప్పారు?

మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో మన అపార్ట్‌మెంటు గ్రూపులో ఒక ఏరోస్పేస్ ఇంజినీరు ఉంటే ఆయన మాటకు విలువ ఇవ్వడం సహజమే. కాని సీటు ముందు తెర సాఫ్ట్‌వేర్ రాసే ఇంజినీరు ఇంజిన్ నియంత్రణ గురించి చెబితే అది నాలాంటి వాడి మాటతో సమానం. పదవీ విరమణ చేసిన పైలట్ పాత తరం విమానం మీద ముప్పై ఏళ్లు గడిపి ఉండొచ్చు. 787లో ఇంధన స్విచ్ ఎలా ఉంటుందో ఆయనకు తెలియకపోవచ్చు. అసలు తెలిసినవాళ్లు, అంటే ఆ భాగం మీద ప్రస్తుతం పనిచేస్తున్నవాళ్లు, ఉద్యోగ నిబంధనల వల్ల నోరు విప్పలేరు. అందుకే వాళ్ల మౌనాన్ని "ఏదో దాస్తున్నారు" అని చదవకండి. మన పక్కింటి అన్నని గుచ్చిగుచ్చి అడిగి ఇరుకున పెట్టకండి.

మూడో ప్రశ్నకు జవాబు లేకపోతే ఇక వినాల్సిన పని లేదు. ఏ ఆధారం వచ్చినా మారనిదాన్ని ఊహ అనలేం.

ఆరో అడుగు: కుట్ర అన్నమాట వినగానే మన గతం గుర్తు తెచ్చుకోండి

ఈ విషయంలో తెలుగువాళ్లకు ఒకరు పాఠం చెప్పాల్సిన పని లేదు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమలలో కూలింది. ఆయనతో పాటు మరో నలుగురు చనిపోయారు. 2010 జనవరిలో, ఎక్కడో విదేశీ వెబ్‌సైట్‌లో ఎప్పుడో వచ్చిన ఒక కథనాన్ని పట్టుకుని అది ఒక పెద్ద వ్యాపార సంస్థ కుట్ర అని మన టీవీల్లో ప్రసారమైంది. ఆ రాత్రే రాష్ట్రమంతటా ఆ సంస్థ దుకాణాల మీద, పెట్రోలు బంకుల మీద దాడులు జరిగాయి. ఆ దుకాణాల్లో పనిచేస్తున్నది మన పిల్లలే.

దర్యాప్తు కమిటీ తేల్చింది వేరు. చెడు వాతావరణంలో, గేర్‌బాక్స్ ఆయిల్ పీడనానికి సంబంధించిన హెచ్చరిక గురించి పైలట్లు పుస్తకం తిరగేస్తూ విలువైన నిమిషాలు పోగొట్టుకున్నారు. నమ్మకస్తుడైన నాయకుడు ఒక హెచ్చరిక దీపం వల్ల, ఒక మబ్బు వల్ల పోయాడంటే మనసు ఒప్పుకోదు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. పోయినవాళ్లు ఎంత పెద్దవాళ్లయితే కారణం కూడా అంత పెద్దదై ఉండాలని మనసు అడుగుతుంది. కాని లోహానికి, గాలికి మన దుఃఖంతో పని లేదు.

యాదృచ్ఛికాలతో కూడా జాగ్రత్త. 2008 జనవరి 17న లండన్ హీత్రూలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ 38 దిగబోతుండగా రెండు ఇంజిన్లూ స్పందించలేదు. ఆ సమయానికి బ్రిటన్ ప్రధానమంత్రి వాహన శ్రేణి దగ్గర్లో ఉంది. దాని జామర్ల వల్లే ఇంజిన్లు పోయాయని ప్రచారమైంది. చివరికి కారణం ఇంధనంలోని నీరు గడ్డకట్టి పేరుకున్న మంచు అని తేలింది. అది ఇంధనాన్ని వేడిచేసే పరికరం ముఖం మీద అడ్డుపడింది. అందరూ బతకడం వల్ల, విమానం ముక్కలు కాకపోవడం వల్ల కూడా ఆ నిజం దొరికింది. అయినా ప్రయోగశాలలో రుజువు చేయడానికి నెలలు పట్టింది.

ఏడో అడుగు: దర్యాప్తు చేసేది ఎవరో, ఎప్పటికి ఏం రావాలో తెలుసుకోండి

మన దేశంలో ఈ పని ఏఏఐబీది, అంటే విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థది. ఇది 2012లో ఏర్పడింది. అంతకుముందు పెద్ద ప్రమాదాలకు న్యాయమూర్తి ఆధ్వర్యంలోనో మరొకరి ఆధ్వర్యంలోనో విచారణ న్యాయస్థానం వేసేవారు. డీజీసీఏ వేరు, అది నియంత్రణ సంస్థ. రోజూ వార్తల్లో ఈ రెంటినీ కలిపేస్తుంటారు.

అంతర్జాతీయ నియమం ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) 13వ అనుబంధం. ప్రమాదం జరిగిన దేశం దర్యాప్తు నడుపుతుంది. విమానం నమోదైన దేశం, నడిపిన దేశం, రూపకల్పన చేసిన దేశం, తయారు చేసిన దేశం తమ ప్రతినిధులను పంపవచ్చు. అందుకే బోయింగ్ కూలితే అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ వస్తుంది. 30 రోజులకు ప్రాథమిక నివేదిక, వీలైతే 12 నెలల్లో తుది నివేదిక, కుదరకపోతే ప్రతి వార్షికోత్సవానికి మధ్యంతర ప్రకటన. ఈ తేదీలు మీ క్యాలెండరులో రాసుకోండి. దర్యాప్తు ఉద్దేశం ప్రమాదాలు మళ్లీ జరగకుండా చూడటమే గాని, నింద మోపడం కాదని ఆ నియమమే స్పష్టంగా చెబుతుంది.

ఆలస్యం జరిగిందంటే మోసం జరిగినట్టు కాదు. 2009 జూన్ 1న అట్లాంటిక్‌లో పడిన ఎయిర్ ఫ్రాన్స్ 447 రికార్డర్లు దొరకడానికే దాదాపు రెండేళ్లు పట్టింది. అప్పటిదాకా పిడుగు, బాంబు అంటూ ఎన్నో అన్నారు. వేగం కొలిచే పిటో గొట్టాలు మంచుతో మూసుకుపోవడం, ఆటోపైలట్ తప్పుకోవడం, విమానం స్టాల్‌లో (రెక్కలకు పైకి లేపే బలం పోయిన స్థితిలో) పడినా సిబ్బంది గుర్తించకపోవడం అనే వరుస 2012లో పూర్తిగా బయటికి వచ్చింది.

ఎనిమిదో అడుగు: ప్రాథమిక నివేదికను మీరే చదవండి

శీర్షికలు చూసి ఆగిపోకండి. ఎయిరిండియా 171 ప్రాథమిక నివేదిక మొత్తం 15 పేజీలే. భాష కష్టమేమీ కాదు. చదివేటప్పుడు చేతిలో పెన్సిలు పెట్టుకుని మూడు రకాల వాక్యాల కింద గీతలు పెట్టండి: ఏం చెప్పింది, ఏం చెప్పలేదు, ఏం కొట్టిపారేసింది.

చెప్పింది ఇది. యూటీసీ 08:08:39కి విమానం నేల వదిలింది. 08:08:42కి వేగం 180 నాట్లకు చేరింది. ఆ వెంటనే రెండు ఇంజిన్ల ఇంధన స్విచ్‌లు ఒక సెకను తేడాతో రన్ (ఇంధనం వెళ్లే స్థానం) నుంచి కటాఫ్ (ఇంధనం ఆగే స్థానం)కు మారాయి. కాక్‌పిట్ రికార్డింగులో, ఎందుకు కటాఫ్ చేశావని ఒక పైలట్ మరొకరిని అడిగారు. నేను చేయలేదని రెండోవారు చెప్పారు. 08:08:52కి ఒక స్విచ్, 08:08:56కి రెండోది మళ్లీ రన్‌కు వచ్చాయి. ఒక ఇంజిన్ కోలుకోవడం మొదలుపెట్టింది, రెండోది అందుకోలేకపోయింది. 08:09:05కి మేడే అనే ఆపద పిలుపు, 08:09:11కి రికార్డింగు ఆగింది. గాల్లో ఉన్నది మొత్తం అర నిమిషం.

కొట్టిపారేసినవి లేదా బలహీనపరిచినవి: విమానం దారిలో పక్షుల సంచారం పెద్దగా కనిపించలేదు. ఇంధనం నింపిన వాహనాల నుంచి, ట్యాంకుల నుంచి తీసిన నమూనాలు బాగానే ఉన్నాయి.

చెప్పనివే అసలు చూడాల్సినవి. స్విచ్‌లను ఎవరు కదిపారో అందులో లేదు, ఎందుకన్నదీ లేదు. అడిగింది ఏ పైలటో, జవాబిచ్చింది ఎవరో కూడా లేదు. ఆ సంభాషణను మాటకు మాట ఇవ్వలేదు, సారాంశం మాత్రమే ఇచ్చారు. 2018లో అమెరికా నియంత్రణ సంస్థ ఈ రకం స్విచ్‌ల తాళం యంత్రాంగం గురించి ఒక సలహా పత్రం ఇచ్చిందని, అది తప్పనిసరి కాదు కాబట్టి ఆ తనిఖీ జరగలేదని నివేదిక రాసింది. అదే కారణమని మాత్రం అనలేదు. అలాగే ఆ దశలో ఆ రకం విమానం నడిపేవారికి గాని ఇంజిన్ తయారీదారుకు గాని ఎలాంటి సిఫారసూ చేయలేదు.

ఇంత జాగ్రత్తగా రాసిన పేజీల నుంచి కొద్ది రోజులకే ఒక పైలట్ పేరు శీర్షికల్లోకి ఎక్కింది. నా మటుకు నేను దాన్ని క్షమించలేను. చనిపోయిన మనిషి వచ్చి జవాబు చెప్పుకోలేడు. ఆయన ఇంట్లో ముసలి తండ్రి ఉన్నాడు. ఆ తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆయన కొడుకును ఎవరూ నిందించలేరని 2025 నవంబరులో న్యాయస్థానం చెప్పాల్సి వచ్చింది.

తొమ్మిదో అడుగు: ఒక్క కారణం కోసం వెతక్కండి

దీనికి మన బెంగళూరు ప్రమాదమే చాలు. 1990 ఫిబ్రవరి 14న బొంబాయి నుంచి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ 605, కొత్త ఎయిర్‌బస్ ఏ320, హెచ్ఏఎల్ విమానాశ్రయం రన్‌వేకు ముందే గోల్ఫ్ మైదానంలో నేలను తాకి మంటల్లో చిక్కుకుంది. 146 మందిలో 92 మంది పోయారు. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద రోజూ ఆఫీసుకు పోయే మనలో చాలామందికి ఆ మైదానం తెలుసు, అక్కడ జరిగింది తెలియదు.

వాతావరణం బాగుంది, విమానం కొత్తది. మరి ఏమై ఉంటుంది? జనం ఊహ నేరుగా కంప్యూటర్ల మీదికి పోయింది. విమానాన్ని తీగలతో, కంప్యూటర్లతో నడిపే పద్ధతి అప్పుడు కొత్త. 1988లో ఫ్రాన్స్‌లో ఒక ప్రదర్శనలో ఇదే రకం విమానం చెట్లలోకి దూసుకుపోయిన దృశ్యం అందరి కళ్లలో ఉంది. ప్రభుత్వం ఏ320లన్నిటినీ నేల మీద నిలిపేసింది. కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ కె. శివశంకర భట్ ఆధ్వర్యంలో విచారణ జరిగింది.

తేలిందేమిటంటే, విమానం దిగుతున్నప్పుడు ఇంజిన్లను కనీస శక్తిలో ఉంచే దిగుడు మోడ్‌లోకి వెళ్లింది. వేగం తగ్గుతూ పోయింది. ఆ తగ్గుదలను కాక్‌పిట్‌లో ఇద్దరూ సమయానికి పట్టుకోలేదు. శక్తి పెంచేసరికి, ఇంజిన్లు పుంజుకోవడానికి పట్టే కొద్ది సెకన్లు కూడా మిగల్లేదు. ఆ మోడ్‌లోకి ఎలా వెళ్లిందంటే, దిగే వేగం మార్చబోయి, పక్కనే ఉన్న ఎత్తు నాబ్‌ను తిప్పి ఉంటారన్నది బలమైన అనుమానం. విమానం నడుపుతున్నది అప్పుడే రూట్ తనిఖీలో ఉన్న కెప్టెన్, పక్కన పరీక్షిస్తున్న కెప్టెన్.

ఇప్పుడు ఇది ఎవరి తప్పు? పైలట్లదని నివేదిక తేల్చింది. ఆ తీర్పును నేను కాదనను. కాని పక్కపక్కన రెండు నాబ్‌లు ఎందుకున్నాయి, మోడ్ మారినప్పుడు చప్పుడు లేకుండా ఎందుకు మారింది, కొత్త విమానం మీదికి సిబ్బందిని ఎలా తయారుచేశారు అన్న ప్రశ్నలు లేకుండా ఆ మాట సగమే. 2010 మే 22న మంగళూరులో 158 మందిని బలిగొన్న ప్రమాదం కూడా అంతే. కెప్టెన్ ఆపకుండా దిగాడు, ఇది నిజం. సహపైలట్ పలుమార్లు తిరిగి పైకి వెళదామన్నాడు, ఇదీ నిజం. ప్రయాణంలో ఎక్కువసేపు కెప్టెన్ నిద్రపోయాడన్నది కూడా నిజం. రన్‌వే కొండ మీద ఉంది, దాటితే లోయ. ఈ నాలుగింటిలో ఏది తీసేసినా కథ వేరయ్యేది.

యంత్రం వైపు అనుమానం పెట్టాల్సిన చోట పెట్టకపోతే ఏమవుతుందో బోయింగ్ 737 మ్యాక్స్ చూపించింది. 2018 అక్టోబరు 29న ఇండోనేసియాలో లయన్ ఎయిర్ విమానం పడి 189 మంది పోయారు. దాని కెప్టెన్ మన ఢిల్లీ కుర్రాడే. పైలట్లు సరిగా చేయలేదని, ఆ దేశంలో నిర్వహణ సరిగా ఉండదని అప్పుడు తేలిగ్గా మాట్లాడినవాళ్లున్నారు. 2019 మార్చి 10న ఇథియోపియాలో మరో 157 మంది పోయాకే లోకం ఎంక్యాస్ అనే సాఫ్ట్‌వేర్ మీద కళ్లు పెట్టింది. అది ఒకే ఒక్క సెన్సరు మాట నమ్మి విమానం ముక్కును కిందికి తోసేది. మొదటిసారి జనం అడగాల్సిన ప్రశ్న గట్టిగా అడిగి ఉంటే బాగుండేది. కాబట్టి పైలట్ తప్పు అన్నప్పుడల్లా మీ కాగితం మీద ఇంకో మూడు వరుసలు వేసుకోండి: యంత్రం, శిక్షణ, నిర్వహణ. వాటి ఎదురుగా ఏమీ రాయలేకపోతే ఇంకా తేలలేదని అర్థం.

పదో అడుగు: చెప్పేటప్పుడు మాట ఎలా కట్టాలి

ఊరి నుంచి మేనత్త ఫోన్ చేసి "అదేదో పైలటే చేశాడంట కదా" అంటే గ్రూపులో వ్యాసం రాసినట్టు వాదించకండి. "అత్తా, స్విచ్‌లు మారాయని మాత్రం తెలిసింది. ఎవరు మార్చారో ఇంకా చెప్పలేదు. ఆయనకూ ఇల్లూవాకిలీ ఉన్నాయి, మనం అనకూడదు" అంటే చాలు. పెద్దవాళ్లకు ఆ చివరి మాట ఇట్టే తలకెక్కుతుంది.

గ్రూపులో రాస్తే తేదీ వేయండి, ఆధారం ఏమిటో ముందు చెప్పండి, ఊహ అని స్పష్టంగా రాయండి, ఏది తెలిస్తే మార్చుకుంటారో కూడా రాయండి. ఉదాహరణకు: "ఈ రోజు దాకా వచ్చిన వీడియోను బట్టి రెండు ఇంజిన్లలోనూ శక్తి పోయినట్టుంది. ఇది నా ఊహ. రికార్డర్ వివరాలు వచ్చాక మారవచ్చు." పైలట్ల, సిబ్బంది పేర్లు, ఫొటోలు, వాళ్ల ఇళ్ల చిరునామాలు మీ చేతి నుంచి ముందుకు పోనివ్వకండి. మృతదేహాల చిత్రాలు ఎవరు పంపినా తీసేయమని అడ్మిన్‌కు విడిగా చెప్పండి. బతికి బయటపడ్డవారి సీటు నంబరు పట్టుకుని సిద్ధాంతాలు అల్లకండి. ఆ మనిషి కూడా కుటుంబాన్ని పోగొట్టుకుని ఉండొచ్చు.

పదకొండో అడుగు: తుది నివేదిక వచ్చిన రోజు

అప్పటికి టీవీలు మరో వార్త వెంట పోయి ఉంటాయి. అప్పుడే ఓపిక అవసరం. ఏఏఐబీ వెబ్‌సైట్‌లోంచి నివేదిక దించుకుని ముందుగా చివరి భాగం చదవండి. అక్కడ సంభావ్య కారణం, తోడ్పడిన కారణాలు, భద్రతా సిఫారసులు వేరువేరుగా ఉంటాయి. మీ మూడు గడుల కాగితం తీసి ఏ ఊహ నిలబడిందో, ఏది పోయిందో గుర్తు పెట్టండి. మీరు పంపిన ఊహ తప్పయితే అదే గ్రూపులో ఆ మాట చెప్పండి.

తర్వాత సిఫారసుల పేజీకి వెళ్లండి. జనం ఒత్తిడి నిజంగా పనికొచ్చేది అక్కడే. ఏఏఐబీ కూడా పౌర విమానయాన మంత్రిత్వ శాఖ కిందే పనిచేస్తుంది. కాబట్టి ఆ సిఫారసులు ఏమయ్యాయని బయటివాళ్లు అడుగుతూ ఉండాలి. ప్రతి సిఫారసు పక్కన అది ఎవరికి ఇచ్చారో రాసి ఉంటుంది: విమాన సంస్థకా, డీజీసీఏకా, విమానాశ్రయానికా, తయారీదారుకా. ఏడాది తర్వాత సమాచార హక్కు దరఖాస్తు పెట్టి ఎన్ని అమలయ్యాయో అడగవచ్చు. దరఖాస్తు రుసుము పది రూపాయలు, ఆన్‌లైన్‌లోనే పంపవచ్చు. మీ లోక్‌సభ సభ్యుడికి రాస్తే పార్లమెంటులో ప్రశ్నగా వేయించవచ్చు. బెంగళూరులో మీ ఓటు ఎక్కడుందో చూసుకుని అక్కడి సభ్యుడికే రాయండి.